హువానా అసుర్దుయ్ 1816లో చనిపోలేదు: చరిత్ర పుస్తకాలు రాసేవారికి ఒక బహిరంగ లేఖ

తెలుగులో ప్రపంచ చరిత్ర పాఠాలు, పోటీ పరీక్షల పుస్తకాలు తయారుచేసే రచయితలకు, సంపాదకులకు, ప్రచురణకర్తలకు నమస్కారం.

నేను 29 ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. చివరి తొమ్మిదేళ్లు ఏజెన్సీ మండలంలో పనిచేశాను. తెలుగు మాధ్యమం పిల్లల చేతికి ప్రపంచ చరిత్ర అందుతున్నదంటే అది మీ శ్రమ వల్లనే. అందుకు కృతజ్ఞతతోనే ఈ లేఖ మొదలుపెడుతున్నాను.

దీన్ని బహిరంగంగా రాయవలసి రావడానికి కారణం ఉంది. దక్షిణ అమెరికా స్వాతంత్ర్య యోధురాలు హువానా అసుర్దుయ్ గురించి ఒక పుస్తకంలో ఉన్న తప్పును చూపుతూ దాని ప్రచురణకర్తలకు మూడేళ్లలో మూడు ఉత్తరాలు రాశాను. మూడోదాన్ని రిజిస్టరు పోస్టులో పంపితే, అందినట్టు సంతకం చేసిన కార్డు తిరిగి వచ్చింది కాని జవాబు రాలేదు. ఆ తరువాత వెలువడిన ముద్రణలో అదే వాక్యం, అదే పేజీలో, చెక్కుచెదరకుండా ఉంది. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే అదే వాక్యాన్ని చిన్న చిన్న మార్పులతో మరో రెండు పుస్తకాల్లోనూ, కోచింగ్ కేంద్రాలు జిరాక్సు తీసి పంచే నోట్సులోనూ చూశాను. తప్పు ఒక్కరిది కాదు, ఒకరిని చూసి ఒకరు రాసుకుంటున్న అలవాటుది.

ఆ వాక్యం ఇది: “జువానా అజుర్డుయ్: దక్షిణ అమెరికా ఝాన్సీ రాణి. నలుగురు బిడ్డలను దేశానికి అర్పించి, 1816లో భర్తతో పాటు వీరమరణం పొందిన వనిత.”

తొమ్మిదో తరగతిలో ఒక రోజు ప్రపంచ స్వాతంత్ర్యోద్యమాల గురించి మాట్లాడుతూ ఈ వాక్యాన్ని నేనే చదివి వినిపించాను. మూడో బల్లలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, “అర్పించడమంటే ఏం చేసింది టీచర్?” అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. దేశం కోసం త్యాగం చేసిందమ్మా అని ఏదో చెప్పాను. ఆ పిల్ల కూర్చోలేదు. “అంటే వాళ్లెలా చచ్చిపోయారు?” అని మళ్లీ అడిగింది. గంట మోగింది కాబట్టి ఆ పూటకు గట్టెక్కాను గాని, ఆ ప్రశ్న నా వెంట ఇంటికి వచ్చింది. ఆ తరువాతే హువానా జీవితం గురించి దొరికినంత మేర చదివాను. మీ వాక్యంలో ఆమె పేరు పలుకుబడి తప్పు, పోలిక తప్పు, పిల్లల సంగతి తప్పు, చావు తప్పు. అసలు జీవితం ఏమిటో మీ ముందు ఉంచుతాను.

హువానా అసుర్దుయ్ 1780 జూలై 12న, నేటి బొలీవియాలోని చుకిసాకా ప్రాంతంలో పుట్టారు. చుకిసాకా నగరానికి ఇప్పుడు సుక్రే అని పేరు, ఆ దేశాన్ని అప్పట్లో ఎగువ పెరూ అనేవారు. తండ్రి స్పానిష్ సంతతికి చెందిన భూస్వామి, తల్లిది ఆదివాసీ రక్తం కలిసిన కుటుంబం. స్పానిష్‌తో పాటు ఆదివాసుల కెచువా భాష కూడా ఆమెకు చిన్ననాటి నుంచే వచ్చు. తరువాతి కాలంలో వేలాదిమంది ఆమె మాట మీద నిలబడటానికి ఆ భాషే ఆసరా అయింది.

ఆ నేలను అర్థం చేసుకోకుండా ఆమెను అర్థం చేసుకోలేం. అక్కడికి దగ్గరలోనే పొతోసీ వెండి గనులు ఉన్నాయి. పదహారు ప్రాంతాల ఆదివాసుల్లో, పన్ను కట్టే వయసు మగవారిలో ఏడుగురికి ఒకరు చొప్పున ఏటా ఆ గనుల్లోకి దిగాలని 1570లలో స్పానిష్ పాలకులు నిర్ణయించారు. ఆ ఏర్పాటును అక్కడ ‘మిత’ అనేవారు. మన పిల్లలకు ఈ మాటను వివరించడానికి పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు. ‘వెట్టి’ అంటే చాలు, తాతలు చెప్పిన కథలు వాళ్లకే గుర్తొస్తాయి. హువానా పుట్టిన ఏడాదే పెరూలోని కుస్కో వైపు ఆదివాసీ నాయకుడు రెండో తుపాక్ అమారు తిరగబడ్డారు. మరుసటి ఏడు మరో ఆదివాసీ నాయకుడు తుపాక్ కతారి సేనలు లా పాస్ నగరాన్ని నెలల తరబడి ముట్టడించాయి. ఇద్దరినీ 1781లోనే ఘోరంగా చంపారు. ఆ తిరుగుబాట్ల జ్ఞాపకం ఇంకా ఆరని ఊళ్లలో ఆమె పెరిగారు.

చిన్న వయసులోనే తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నారు. సన్యాసినుల మఠంలో చేర్పిస్తే అక్కడ ఇమడలేక 17వ ఏట బయటికి వచ్చేశారు. మనుయేల్ అసెన్సియో పదియాను పెళ్లాడి, నలుగురు పిల్లల తల్లి అయ్యారు. 1809 మే 25న చుకిసాకాలో స్పానిష్ అధికారులపై తిరుగుబాటు లేచింది. పదియా అందులో చేరారు. 1811 జూన్‌లో వాకీ దగ్గర స్వాతంత్ర్య సేన చిత్తుగా ఓడిపోయాక స్పెయిన్ రాజు తరఫున పోరాడే రాజపక్షం వారు ఈ దంపతుల ఇల్లు, పొలాలు, పశువులు జప్తు చేసి, హువానాను, పిల్లలను కాపలాలో పెట్టారు. పదియా వచ్చి విడిపించుకుని పోయారు. అక్కడి నుంచి ఆ కుటుంబానికి ఇల్లంటూ లేదు.

నేటి అర్జెంటీనా రాజధాని బ్వేనోస్ ఐరెస్ నుంచి వచ్చిన స్వాతంత్ర్య సేనలు ఎగువ పెరూను విడిపించాలని పలుమార్లు ప్రయత్నించి విఫలమయ్యాయి. 1813లో సేనాని బెల్గ్రానో నాయకత్వంలోని సేన అయొహుమా దగ్గర, 1815 నవంబరులో మరో సేన సీపే సీపే దగ్గర ఓడి దక్షిణానికి తిరిగి వెళ్లిపోయాయి. సేనలు వెళ్లిపోయినా పోరాటం ఆగలేదు. లోయకొక దళం, కొండకొక నాయకుడు చొప్పున స్థానికులే యుద్ధాన్ని మోశారు. తుపాకులు కొద్దిమందికే ఉండేవి, ఎక్కువమంది చేతిలో ఉన్నవి ఒడిసెలలు, బల్లేలు, దుడ్డుకర్రలు. వాళ్లలో అత్యధికులు కెచువా రైతులు. రాజసైన్యంలో పెద్ద భాగాన్ని ఈ దళాలు ఆ కొండల్లో కట్టిపడేశాయి. 1817 ఆరంభంలో స్వాతంత్ర్య సేనాని సాన్ మార్తిన్ సేన ఆండీస్ పర్వతాలు దాటి చిలీలోకి దిగినప్పుడు, ఉత్తరం నుంచి పెద్ద దండు వచ్చి వెన్నుపోటు పొడవకుండా ఆపినవారిలో ఈ పేరులేని మనుషులు ఉన్నారు. ఈ లోయల నాయకులు మొత్తం 102 మంది అని, వారిలో తొమ్మిది మందే బతికి బయటపడ్డారని ఆ తరం తరువాత వేసిన ఒక ప్రసిద్ధమైన లెక్క. బొలీవర్, సాన్ మార్తిన్‌లకు మన పుస్తకాల్లో పేజీలు ఉంటే, వీళ్లకు ఒక్క పేరా అయినా ఉండకపోవడం న్యాయమా?

ఇక పిల్లల సంగతి. అయొహుమా ఓటమి తరువాత శత్రువు వెంట తరుముతుంటే హువానా పిల్లలను వెంటబెట్టుకుని చిత్తడి నేలల లోయల్లోకి వెళ్లి దాక్కోవలసి వచ్చింది. తిండి లేదు, మందు లేదు. మనుయేల్, మరియానో అనే ఇద్దరు కొడుకులు, హులియానా, మెర్సెదెస్ అనే ఇద్దరు కూతుళ్లు కొద్ది కాలం తేడాతో చలిజ్వరాలతో, విరేచనాలతో ప్రాణాలు విడిచారు. ఇదీ ఆ ‘అర్పణ’. మరుసటి వారం తరగతికి వెళ్లి ఈ సంగతి చెప్పాను. చలిజ్వరం అంటే ఏమిటో ఆ తరగతిలో ఎవరికీ వివరించాల్సిన పని లేదు, దోమతెరలు పంచినా పంచకపోయినా ప్రతి వానకాలం వాళ్ల ఇళ్లలో ఎవరో ఒకరు దుప్పట్లు కప్పుకుని వణుకుతూనే ఉంటారు. నన్ను ప్రశ్న అడిగిన అమ్మాయి, “మరి అర్పించిందని ఎందుకు రాశారు?” అంది. ఆ ప్రశ్నను ఇప్పుడు మీకు అందిస్తున్నాను.

యుద్ధం మధ్యలోనే ఐదో బిడ్డ లూయిసా పుట్టింది. ఆ పసిబిడ్డను ఒక ఆదివాసీ స్త్రీ సంరక్షణలో ఉంచి హువానా మళ్లీ గుర్రమెక్కారు. 1816 మార్చిలో విల్యార్ దగ్గర జరిగిన పోరులో ఆమె నడిపిన దళం శత్రువు పతాకాన్ని చేజిక్కించుకుంది. ఆ విజయాన్ని బెల్గ్రానో స్వయంగా పై ప్రభుత్వానికి నివేదించారు. ఆ సంవత్సరం ఆగస్టులో, బ్వేనోస్ ఐరెస్ ప్రభుత్వాధినేత ప్వేరెదోన్ ఆమెకు లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇస్తూ ఉత్తర్వు జారీ చేశారు. బెల్గ్రానో తన ఖడ్గాన్ని ఆమెకు బహూకరించారని చెబుతారు. నెల తిరగగానే, సెప్టెంబరు 14న, విల్యార్ దగ్గరే జరిగిన మరో పోరులో గాయపడిన హువానాను కాపాడబోయి పదియా శత్రువుకు చిక్కారు. ఆయన తల నరికి, అందరూ చూసేలా బల్లేనికి గుచ్చి నిలబెట్టారు.

మీ పుస్తకాలు ఇక్కడ ఆమెను కూడా చంపేశాయి. ఆమె మాత్రం ఆ తరువాత 45 ఏళ్లు బతికారు.

దక్షిణానికి, నేటి అర్జెంటీనాలోని సాల్తా వెళ్లి, అక్కడ సరిహద్దును కాపాడుతున్న గ్వేమెస్ దళాలతో కలిసి పోరాడారు. 1821 జూన్‌లో గ్వేమెస్ గాయాలతో మరణించాక ఆమెకు అండ లేకుండా పోయింది. పుట్టిన ఊరికి తిరిగి వెళ్లడానికి కూడా దారి ఖర్చులు లేవు. సాల్తా ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంటే 1825లో నాలుగు కంచర గాడిదలు, 50 పెసోలు మంజూరు చేశారు. లెఫ్టినెంట్ కల్నల్ ఒకరు తాను విడిపించిన దేశానికి ఇల్లు చేరుకోవడానికి అర్జీ రాసుకున్న ఈ ఘట్టాన్ని నేను ఎన్నిసార్లు చదివినా కళ్లు చెమర్చకుండా ఉండలేదు. మన దగ్గర కూడా పింఛను కోసం, పట్టా కోసం, ధ్రువపత్రం కోసం కచేరీ అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లను ఎరిగినవాళ్లం కదా.

1825 ఆగస్టు 6న బొలీవియా స్వతంత్ర దేశమయింది. ఆ ఏడాది చివరలో చుకిసాకా వచ్చిన సిమోన్ బొలీవర్, సేనాని సుక్రేతో కలిసి ఆమె ఇంటికి వెళ్లారు. ఆమె ఉంటున్న స్థితిని చూసి కల్నల్‌గా పదోన్నతి ఇచ్చి, 60 పెసోల పింఛను నిర్ణయించారు. దాన్ని తరువాత సుక్రే పెంచారు. కొత్త ప్రభుత్వాన్ని నడిపినవారిలో మాత్రం చాలామంది యుద్ధం చివరిదాకా రాజపక్షాన ఉండి, గాలి మళ్లాక ఇటు వచ్చినవాళ్లు. హువానా వెంట ఒడిసెలలు పట్టుకు నడిచిన రైతులకు దక్కిందేమిటి? ఆదివాసులు మాత్రమే కట్టే తలపన్నును 1825 డిసెంబరులో బొలీవర్ రద్దు చేశారు. 1826లో కొత్త దేశపు ప్రభుత్వం దాన్ని మళ్లీ విధించింది. ఆ తరువాత దశాబ్దాల పాటు బొలీవియా ఖజానా ప్రధానంగా ఆ పన్ను మీదే నడిచింది.

హువానా పింఛను 1857లో, అధ్యక్షుడు లినారెస్ ప్రభుత్వ కాలంలో, ఆగిపోయింది. అప్పటికి ఆమెకు 77 ఏళ్లు. 1862 మే 25న, 81 ఏళ్ల వయసులో, దారిద్ర్యంలో కన్నుమూశారు. ఆ రోజు చుకిసాకా తిరుగుబాటు వార్షికోత్సవం. నగరం ఆ పండుగలో ఉండగా, ఆ పండుగకు కారణమైన తరంలో మిగిలిన ఆ వృద్ధురాలిని సైనిక లాంఛనాలేవీ లేకుండా, దిక్కులేనివారిని పాతిపెట్టే ఉమ్మడి గోతిలో పెట్టారు.

ఒక శతాబ్దం గడిచాక అవశేషాలను వెలికితీసి గౌరవంగా ఉంచారు. 2009లో అర్జెంటీనా ఆమెకు మరణానంతరం జనరల్ హోదా ఇచ్చింది. 2015లో బ్వేనోస్ ఐరెస్‌లో అధ్యక్ష భవనం వెనుక, అంతకుముందు కొలంబస్ విగ్రహం ఉన్న చోట, ఆమె భారీ కంచు విగ్రహాన్ని నిలబెట్టారు. ఆ విగ్రహం వీపున గుడ్డలో కట్టుకున్న పసిబిడ్డ ఉంటుంది, చేతిలో కత్తి ఉంటుంది. రెండేళ్లకే దాన్ని అక్కడి నుంచి మరో చోటికి మార్చారు. నన్ను వీటన్నిటికంటే కదిలించింది ఇంకొకటి. 2009 నుంచి బొలీవియాలో గర్భిణులకు, పసిపిల్లల తల్లులకు ఇచ్చే నగదు సాయానికి ఆమె పేరే పెట్టారు. కాన్పుకు ముందు నాలుగు పరీక్షలకు 50 బొలీవియానోల చొప్పున, కాన్పు సమయంలో 120, ఆపై బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా రెండు నెలలకోసారి 125 చొప్పున, మొత్తం 1,820 బొలీవియానోలు. నలుగురు బిడ్డలు మందులేక పోయిన తల్లి పేరుతో, పిల్లలను ఆసుపత్రికి తెచ్చిన తల్లులకు డబ్బు ఇవ్వడం ఆమెకు తగిన స్మారకం. అది అర్థం కావాలంటే పిల్లలు ఎలా పోయారో ముందు చెప్పాలి కదా.

ఈ తప్పుల వల్ల ఎవరికి ఏ నష్టం జరుగుతోందో ఇప్పుడు చెబుతాను.

1. పరీక్ష రాసేవారి నష్టం కంటికి కనిపించేది. తెలుగు మాధ్యమంలో చదివి, పుస్తకం కొనుక్కోవడానికే కూలి డబ్బులు దాచుకునే అభ్యర్థికి ముద్రించిన మాటే ప్రమాణం. 1816 అని బట్టీ పట్టినవారికి ఆ ఒక్క జవాబుతో మార్కు పోతుంది, తప్పుకు మార్కు కోసే పరీక్షల్లో ఇంకా పోతుంది. ఇంగ్లీషు పుస్తకాలు, ఇంటర్నెట్టు అందుబాటులో ఉన్నవారు సరిచూసుకుంటారు. ఆ రెండూ లేనివారే మీ పుస్తకాన్ని నమ్ముకున్నారు.

2. పేరు. ఇది చిన్న విషయమని మీకు అనిపించవచ్చు. స్పానిష్‌లో ఆ మొదటి అక్షరం ‘హ’గా పలుకుతుంది, అక్కడి ‘త, ద’లు మన ‘త, ద’ల్లాగే నాలుక పళ్లకు తగిలి పలుకుతాయి. తెలుగు లిపిలో హువానా అసుర్దుయ్ అని ఆ ఊరివాళ్లు పలికినట్టే రాయగలం. అయినా ఇంగ్లీషు స్పెల్లింగు చూసి ‘జువానా అజుర్డుయ్’ అని రాసుకుంటున్నాం. సాన్ మార్తిన్‌ను మార్టిన్ చేశాం, సాల్తాను సాల్టా చేశాం. ‘త’ అనే అక్షరం లేని భాష ఇబ్బందిని, ఆ అక్షరం ఉన్న మనం ఎందుకు అప్పు తెచ్చుకోవాలి? ఇలా నేర్చుకున్న పిల్లలు రేపు ఎక్కడైనా ఆ పేరు సరిగా వింటే గుర్తుపట్టలేరు.

3. ఝాన్సీ రాణితో పోలిక. లక్ష్మీబాయి మీద నాకు అపారమైన భక్తి ఉంది. ఆమె పుట్టిన సంవత్సరంగా మన పుస్తకాలు చెప్పే 1828 నాటికి హువానా సైనిక హోదా పొంది పన్నెండేళ్లు గడిచాయి. 1858లో లక్ష్మీబాయి నేలకొరిగే నాటికి హువానా పింఛను ఆగిపోయిన ముసలమ్మగా బతికే ఉన్నారు. ముందు తరం మనిషికి తరువాతి తరం మనిషి పేరు తగిలించడం వరుస తప్పు, అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. హువానా రాణి కాదు. ఆమెకు కోట లేదు, సింహాసనం లేదు, వారసత్వపు పేచీ లేదు. ఆస్తి పోగొట్టుకున్న ఒక గృహిణి రైతులను కూడగట్టి నడిపిన యుద్ధం అది. పోలిక కావాలంటే రాజవంశాల్లో వెతకవద్దు. తెలంగాణ సాయుధ పోరాటంలో భుజాన తుపాకీ వేసుకుని ఊరూరా తిరిగిన స్త్రీలు మనకు దగ్గరలోనే ఉన్నారు. రాణి అనే మాట పడగానే ఏజెన్సీ పిల్ల ఆ కథలో తనకు చోటు లేదనుకుంటుంది.

4. ‘అర్పించింది’, ‘వీరమరణం పొందింది’ అనే మాటలు చేసే కీడు అన్నిటికంటే లోతైనది. బిడ్డలను అర్పించిందని రాస్తే ఆ చావులకు జప్తు చేసిన అధికారి, తరిమిన సైన్యం, దొరకని మందు ఏవీ కారణం కాకుండా పోతాయి, తల్లి ఇష్టపడి ఇచ్చినట్టు అవుతుంది. 1816లోనే వీరమరణం పొందిందని రాస్తే పింఛను ఆపిన ప్రభుత్వం గురించి, తలపన్ను మళ్లీ వేసిన ప్రభుత్వం గురించి చెప్పవలసిన పని తప్పుతుంది. సమరయోధులు సకాలంలో చనిపోతే వారిని కీర్తించడం సులభం, బతికి ముసలివాళ్లయి అర్జీ పట్టుకుని వస్తేనే వారు భారమవుతారు. మన దేశంలోనూ స్వాతంత్ర్య సమరయోధులకు కేంద్ర పింఛను పథకం వచ్చింది 1972లో, స్వాతంత్ర్యం వచ్చిన 25 ఏళ్లకు. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యంలో విల్లు పట్టినవారు అప్పటికి ఎందరు మిగిలి ఉంటారో మీరే ఆలోచించండి. ఆ పోరులో రాజు పేరు చెప్పగల పిల్లలు, ఆయన వెంట నడిచిన గిరిజన వీరుల్లో గాం గంటం దొర, మల్లు దొరల తరువాత మూడో పేరు చెప్పలేక ఆగిపోతారు. వాళ్లలో ఆ ఊళ్ల పిల్లలే ఉంటారు. తమ తాతముత్తాతలు చరిత్రలో లేరని చరిత్ర పుస్తకమే వాళ్లకు నేర్పుతున్నది.

అందువల్ల మిమ్మల్ని ఈ కింది పనులు చేయవలసిందిగా కోరుతున్నాను. ఇవి ఖర్చుతో కూడినవి కావు, నిపుణుల సంఘాలు వేయవలసినవీ కావు.

1. హువానా అసుర్దుయ్ 1780లో పుట్టి 1862 మే 25న సుక్రేలో మరణించారని తరువాతి ముద్రణలో సరిచేయండి. ఇప్పటికే అమ్ముడుపోని ప్రతులు గోదాముల్లో ఉంటే, ఒక చిన్న తప్పొప్పుల పట్టికను అచ్చువేసి లోపల అతికించండి. పాత తెలుగు పుస్తకాల చివర ఆ పట్టిక ఎప్పుడూ ఉండేది, దానివల్ల ఏ ప్రచురణకర్త పరువూ పోలేదు.

2. స్పానిష్ పేర్లను ఇంగ్లీషు అక్షరాల మీదుగా కాక, ఆ భాష పలుకుబడి తెలిసినవారిని అడిగి తెలుగులో రాయండి. హైదరాబాదు విశ్వవిద్యాలయాల్లో స్పానిష్ చదివినవారు ఉన్నారు, ఒక పూట కూర్చుంటే దక్షిణ అమెరికా అధ్యాయం మొత్తం సరిచేసి ఇవ్వగలరు.

3. యుద్ధాల తేదీలకు ఇచ్చే స్థలంలో పావు వంతైనా యుద్ధం తరువాతి బతుకుకు ఇవ్వండి. మనిషి గెలిచిన పతాకం గురించి ఒక వాక్యం రాస్తే, ఆ మనిషికి ఇస్తామన్న పింఛను ఏమైందో మరో వాక్యం రాయండి. హువానా విషయంలో కనీసం నాలుగు సంగతులు ఉండాలి: పిల్లలు చలిజ్వరాలతో, విరేచనాలతో పోవడం, 1816 నాటి హోదా, 50 పెసోల అర్జీ, 1857లో ఆగిన పింఛను.

4. పాఠకులు తప్పు చూపితే జవాబు ఇచ్చే ఏర్పాటు పెట్టండి. పుస్తకం వెనుక అట్ట మీద మీ చిరునామా ఉంది, నా ఉత్తరాలు అక్కడికే వచ్చాయి. ‘మీరు చెప్పింది తప్పు’ అని రాసినా సంతోషించేదాన్ని, కనీసం ఎవరో చదివారని తెలిసేది. వచ్చే జూలై 12 ఆమె జయంతి. ఆ లోపు సవరణ వేస్తున్నారో లేదో పత్రికాముఖంగా గాని, మీ వెబ్‌సైట్లలో గాని తెలియజేయాలని కోరుతున్నాను.

5. తోటి సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయులకు ఒక మాట: పుస్తకం మారేదాకా ఆగనక్కర్లేదు. ఈ లేఖలోని సంగతులు సరిచూసుకుని, ఈ ఏడాదే తరగతిలో చెప్పండి.

నన్ను ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి ఇప్పుడు డిగ్రీ పూర్తిచేసి డీఎస్సీకి తయారవుతోంది. పోయిన నెల నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఆమె సంచిలో మీ పుస్తకం కొత్త ముద్రణ ఉంది. ఆ పేజీ తీసి, 1816 అనే అంకెను పెన్నుతో కొట్టేసి పైన 1862 అని తానే రాసుకుంది. “పరీక్షలో ఏది పెట్టమంటారు టీచర్, నిజం పెట్టాలా, పుస్తకంలోది పెట్టాలా?” అని అడిగింది. కీ తయారుచేసేవారి చేతిలో కూడా మీ పుస్తకమే ఉంటే ఆమెకు నేను ఏ సలహా ఇవ్వాలో దయచేసి చెప్పండి.

ఇట్లు,
మీ పుస్తకాలతో పాఠాలు చెప్పిన
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయురాలు